ముందు అన్నం, తర్వాత వాక్యం

ఈ ఏడాది పుస్తకానికి చరిత్ర వ్యాసం ఒకటి రాసివ్వమని మన వేదిక పెద్దలు మా రూముకు కబురు పెట్టారు. మేము పుస్తకాలు రాసేవాళ్ళం కాదు. సివిల్ డిప్లొమా చదువుకుని, పదేళ్ళ పైగా కువైట్ సైట్ల మీద మేస్త్రీలతో, షట్టరింగ్ వాళ్ళతో, స్టీల్ ఫిక్సర్లతో పని చేయించుకుంటూ బతుకుతున్న వాళ్ళం. రాసే చెయ్యి సూపర్‌వైజర్‌ది అయినా చెప్పే మాట మా రూములో ఆరుగురిదీ. మాలో నలుగురం క్రైస్తవులం, ఇద్దరు కాదు. అందుకని ఇది ప్రసంగంలా ఉండకూడదని ముందే అనుకున్నాం. బతుకు కూలిపోయిన రోజున మనిషిని ఏది నిలబెడుతుంది అనే ప్రశ్న అందరిదీ కాబట్టి, మాకు తెలిసిన చరిత్ర ఒకటి మీ ముందు పెడుతున్నాం.

ఆ ఆగస్టు నెల

మా రూములో గోదావరి జిల్లా తమ్ముడు ఒకడు ఉన్నాడు. షట్టరింగ్ కార్పెంటర్. చేయి మంచిది, మాట తక్కువ. ఏడేళ్ళు కష్టపడి ఊళ్ళో ఇల్లు కట్టాడు. కొంత ఇక్కడ సంపాదించిన డబ్బు, కొంత వడ్డీకి తెచ్చిన అప్పు. మొన్నామధ్య ఒక ఆగస్టులో, ఎండకి పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని ఆపేసే రోజుల్లో, రూములో పడుకుని ఉండగా ఫోన్ వచ్చింది. భార్య పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది, ఇక రానంటోంది. పది రోజులకి అప్పులవాళ్ళు ఇంటి మీదకి వచ్చారు. నెల తిరక్కముందే తండ్రి పోయాడు. ఆ సమయానికి తమ్ముడి అకామా కాయితాలు సరిగ్గా లేవు. వెళ్తే మళ్ళీ రాలేడు, రాకపోతే అప్పు తీరదు. తండ్రి అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాడు. మధ్యలో నెట్ ఆగిపోయింది.

అప్పుడు మేమేం చేశామో దాచకుండా చెప్పాలి. వాక్యం చెప్పాం. పక్కన కూర్చుని యోబు గ్రంథం తీశాం. దేవుడు పరీక్షిస్తున్నాడన్నాం. మాలో ఒకరైతే "నీలో ఏదైనా పాపం ఉంటే ఒప్పుకో తమ్ముడూ" అని కూడా అన్నారు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "అన్నా, వాక్యం నాకూ తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆగట్లేదు" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ తినలేదు.

మా మెస్‌లో వండేది కడప సాయిబన్న. ఆయనకి బైబిలు తెలియదు. మూడో రోజు రాత్రి డ్యూటీ అయ్యాక చారన్నం కలిపి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తిను అని గట్టిగా కూడా అనలేదు. చాలాసేపు అలా కూర్చున్నాక తమ్ముడు లేచి నాలుగు ముద్దలు తిన్నాడు. బయటికి వచ్చి సాయిబన్న మాతో ఒకే మాట అన్నాడు: "ముందు అన్నం పెట్టండయ్యా, తర్వాత మీ వాక్యం చెప్పుకోండి."

మాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకోటి గుర్తొచ్చింది. మాలో ఇద్దరిది ఒంగోలు వైపు. చిన్నప్పుడు చర్చిలో పెద్దవాళ్ళు కాలువ తవ్వకం సంగతి చెప్పేవాళ్ళు. సాయిబన్న అన్న మాటని మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో నూట నలభై ఏళ్ళ కిందటే ఆచరించి చూపించారు. అది తెలిసి కూడా మేము మర్చిపోయాం.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరం. మరుసటి ఏడాదీ వానలు ముఖం చాటేశాయి. మద్రాసు రాజధానిలో, మైసూరులో, హైదరాబాదు రాజ్యంలో, బొంబాయి వైపు 1878 దాకా నడిచిన కరువు ఇది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 50 లక్షల మందికి పైగా చనిపోయారు. తిండి లేక కొందరు, తిండిలేని ఒంటికి కలరా, మశూచి తగిలి ఇంకొందరు.

కరువు అందరి మీదా ఒకేలా పడదు. భూమి ఉన్నవాడు గింజలు దాచుకుంటాడు, నగలు అమ్ముకుంటాడు. మాదిగ పల్లెలో ఉన్నవాడికి భూమి లేదు, గింజ లేదు. రైతు చేలో పని ఉంటేనే కూలి గింజలు. పంట లేనప్పుడు రైతు మొదట ఆపేది కూలివాడినే. అందుకే ఒంగోలు, కనిగిరి, పొదిలి వైపు పల్లెలు ముందుగా ఖాళీ అయ్యాయి. మొగవాళ్ళు పని వెతుక్కుంటూ ఒకవైపు, ఆడవాళ్ళు పిల్లలతో ఇంకోవైపు. కుటుంబం చెదిరిపోవడం అంటే ఏమిటో మన గల్ఫ్ వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు, చెరువులు, కాలువలు. కానీ 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలి తగ్గించాడు. మగ మనిషికి రోజంతా మట్టిపని చేస్తే ఒక పౌను గింజలు, పైన ఒక అణా. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఈ తిండితో మనిషి పని చేయలేడు, బతకలేడు అని గట్టిగా అడ్డు చెప్పాడు. ఆ తర్వాత కూలి కొంత పెరిగింది. ఈలోపు పోయినవాళ్ళు పోయారు. పలుగు, పార పట్టి ఎండలో మట్టి తవ్వే మనిషికి ఎంత తిండి కావాలో సైటు మీద ఉండే మనకి తెలుసు. ఆ లెక్క ఆఫీసులో కూర్చుని వేస్తే ఏమవుతుందో ఆ కరువు చూపించింది.

క్లౌ దొర తీసుకున్న కాంట్రాక్టు

అప్పటికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. మనవాళ్ళు క్లౌ దొర అంటారు. ఆయన 1865లో నెల్లూరు వచ్చాడు, మరుసటి ఏడాది ఒంగోలు చేరాడు. ఆయన రాకముందు ఈ తెలుగు మిషన్ దాదాపు మూసేసే స్థితి. 1836లో మొదలై ముప్పై ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అమెరికాలో పెద్దలు దీన్ని ఆపేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. 1854 జనవరి 1న జువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

ఆ సంఘాన్ని పెంచింది దొర ఒక్కడే కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి తన వాళ్ళకి చెప్పాడు. చేరినవాళ్ళు ఊరికే చేరలేదు. ఆదివారం పని చేయమన్నారు, చచ్చిన పశువు మాంసం తినమన్నారు, జాతరలో డప్పు కొట్టమన్నారు. గ్రామపెద్దలకి కోపం వచ్చింది. పని ఆపేశారు, నీళ్ళు ఆపేశారు. అంటే కరువు రాకముందే ఆ కొత్త విశ్వాసులకి కష్టం పరిచయమే.

క్లౌ దొర గురించి మన పనివాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆయన కుర్రతనంలో అమెరికాలో మిన్నెసోటా ప్రాంతంలో సర్వే పార్టీతో పని చేసినవాడు. గొలుసు లాగడం, లెవెల్ చూడటం, కొలతలు వేయడం తెలుసు. కరువులో అది అక్కరకొచ్చింది.

అప్పుడు ప్రభుత్వం మద్రాసు నుంచి కృష్ణా కాలువల దాకా సముద్రం ఒడ్డు వెంట పడవల కాలువను కలుపుతోంది. దాన్నే ఇప్పుడు బకింగ్‌హాం కాలువ అంటున్నాం. 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. కరువు పనిలో క్రైస్తవ కూలీలకి, మాదిగ కూలీలకి ఇబ్బందులు ఎక్కువ. పైనుండే మేస్త్రీలు వేరే కులాలవాళ్ళు, చేతికి రావాల్సిన కూలి మధ్యలో తగ్గిపోయేది. క్లౌ దొర ఒక పని చేశాడు. ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా ముక్కని తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు.

ఒక పాదిరీ మట్టిపని కాంట్రాక్టు తీసుకోవడం మామూలు సంగతి కాదు. మట్టిపని ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఎంత లోతు తవ్వావు, ఎంత దూరం మోశావు, ఎంత ఎత్తుకి ఎత్తావు అన్నదాన్ని బట్టి డబ్బు. కొలత తప్పితే కూలివాడి నోరు కొట్టినట్టే. ఆయన కొలత తెలిసిన మనిషి కాబట్టి కొలతలో మోసం జరగనివ్వలేదు. లాభం చూసుకోలేదు. కాలువ పక్కన తాటాకు పాకలతో క్యాంపు వేయించాడు. బావులు తవ్వించాడు. తన సంఘంలోని బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద ఒక్కో గుంపు. క్రైస్తవులకే కాదు, వచ్చిన ప్రతివాళ్ళకీ పని ఇచ్చాడు. వేలమంది వచ్చారు.

ఆ మేస్త్రీలు ఏం చేశారన్నదే మాకు ముఖ్యం అనిపిస్తుంది. పొద్దున తమ గుంపుతో పాటు ఉండి పని చేయించారు. కూలి సరిగ్గా ఇప్పించారు. మధ్యాహ్నం కూలీలు తిని నీడన కూర్చున్నప్పుడు వాళ్ళ మధ్యలో తామూ కూర్చున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో, ఎవరి పిల్లలు ఎటు పోయారో విన్నారు. ఆ తర్వాతే యేసు గురించి చెప్పారు. ప్రయాసపడేవాళ్ళనీ బరువు మోసేవాళ్ళనీ తన దగ్గరకి రమ్మని ఆయన పిలిచిన మాట, మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోది, ఆ కాలువ గట్టు మీద ఎక్కువగా చెప్పేవాళ్ళని మా చర్చి పెద్దలు అనేవాళ్ళు. మట్టి గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ మాట విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు కదా.

కలరా వచ్చింది. క్యాంపులో చావులు జరిగాయి. పూడ్చిపెట్టే పనీ ఆ బోధకులదే, మర్నాడు మిగిలినవాళ్ళని పనికి లేపే పనీ వాళ్ళదే.

బాప్తిస్మం ఆపిన పదిహేను నెలలు

మన సైట్లలో కొందరు స్నేహితులు సరదాకో, ఎత్తిపొడుపుకో "మీవాళ్ళు బియ్యం కోసం మారినవాళ్ళే కదా" అంటుంటారు. ఆ మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. దానికి కోపగించుకోకుండా జరిగిన సంగతి చెప్తే చాలు.

కరువు పనులు నడిచిన ఆ కాలంలో, సుమారు పదిహేను నెలలు, క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగారు, ఇవ్వనన్నాడు. పని కోసం, గింజల కోసం వస్తున్నారేమో అన్న అనుమానం ఆయనకే ముందు వచ్చింది. అందుకే తిండినీ బాప్తిస్మాన్నీ విడగొట్టాడు. పనికి ఎవరైనా రావచ్చు, బాప్తిస్మం మాత్రం ఇప్పుడు కాదు.

1878లో వానలు పడ్డాయి. సహాయం పనులు ముగిశాయి. అప్పుడు కూడా జనం ఆగలేదు. జూన్ నెలలో ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వేలమంది పోగయ్యారు. ఇక పంచడానికి డబ్బు లేదని దొర వాళ్ళకి తెగేసి చెప్పాడు. దానికి వాళ్ళిచ్చిన జవాబు చరిత్రలో మిగిలింది. మాకు సాయం అక్కర్లేదు అన్నారు. చేతుల మీద బొబ్బలు చూపించి, పని చేసి బతికినవాళ్ళం, ఇక ముందూ చేస్తాం అన్నారు. మళ్ళీ పంట పోతే చనిపోతాం, చనిపోయినా క్రైస్తవులుగా చనిపోతాం అన్నారు.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ ఇచ్చారు. ఆ సంవత్సరం ఆఖరుకి ఆ లెక్క 9,606కి చేరింది.

అంకెలు చెప్పి గొప్పలు పోవడం మా ఉద్దేశం కాదు. ఆ నీళ్ళలో దిగిన మనుషుల్ని ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు పోయి ఉంటారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పోయినవాళ్ళు తిరిగి రాలేదు. కూలి పెరగలేదు. కులం తెచ్చే అవమానం పోలేదు. వాళ్ళకి దొరికింది ఇంకోటి. మా బతుకు కూలిపోయినప్పుడు మా గుంపులో కూర్చున్నవాళ్ళున్నారు, మా పేరు తెలిసినవాళ్ళున్నారు, ఆ మనుషుల్ని పంపిన దేవుడు మమ్మల్ని మర్చిపోలేదు అన్న నమ్మకం. నిరీక్షణ అని మన బైబిల్లో ఉన్న మాటకి ఆ కాలువ గట్టు మీద అర్థం అది.

నేటాల్‌కి వెళ్ళిన కాపరి

ఇక్కడిదాకా ఊరి సంగతి. వలస వెళ్ళిన మనకి దీనితో ఏం సంబంధం అని అడగొచ్చు. ఆ సంబంధం దక్షిణాఫ్రికాలో ఉంది.

1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది కూలీలు, వాళ్ళ పిల్లలు. నేటాల్ చెరకు తోటల్లో ఐదేళ్ళ ఒప్పందం. నెలకి పది షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. 1911 దాకా 1,52,184 మంది వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వేలల్లో ఉన్నారు. కరువు ఏడుల్లో ఏజెంటు చెప్పిన మాట నమ్మి ఓడెక్కినవాళ్ళు ఎంతమందో.

వాళ్ళ బతుకు మనకి కొత్తగా అనిపించదు. చీటీ లేకుండా తోట దాటి వెళ్ళకూడదు. ఒకరోజు పనికి రాకపోతే కూలి కోత. 1895లో ఒక చట్టం చేశారు. ఒప్పందం అయిపోయాక ఇంటికి వెళ్ళకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను. మొదటి ఏడాది కూలి లెక్కన అది ఆరు నెలల సంపాదన. 1914లో గానీ ఆ పన్ను పోలేదు. ఆ తోటల్లో ఆత్మహత్యలు ఎక్కువగా జరిగాయని చరిత్రకారులు రాశారు. ఇంటికి దూరంగా, చెప్పుకునే మనిషి లేక.

ఆ కూలీల్లో కొందరు తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. మాకు మా భాషలో చెప్పే కాపరి కావాలని వాళ్ళు ఊరికి కబురు పంపారు. ఆ కబురుకి పలికింది అమెరికా డబ్బు కాదు. తెలుగు సంఘాలు తామే ఏర్పాటు చేసుకున్న హోం మిషన్ సొసైటీ తరఫున నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా పంపించాయి. అది 1903. ఆ ఏడాది డిసెంబరు 27న కియర్స్నీ అనే చోట, టీ తోటల కూలీల మధ్య, మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య గారు తోటల వెంట తిరుగుతూ, కూలీల ఇళ్ళల్లో కూర్చుంటూ 1915లో చనిపోయేదాకా అక్కడే పని చేశారు.

లెక్క చూడండి. 1878లో వెల్లంపల్లిలో బొబ్బల చేతులు చూపించినవాళ్ళు, పాతికేళ్ళు తిరిగేసరికి, ఆ తెలుగు సంఘాలే చందాలు వేసుకుని సముద్రం దాటిన తమ వాళ్ళ దగ్గరకి మనిషిని పంపించాయి. నిన్న ఓదార్పు పొందినవాళ్ళు ఇవాళ ఓదార్చేవాళ్ళయ్యారు. చెక్కు పంపి ఊరుకోలేదు. పక్కన కూర్చునే మనిషిని పంపారు.

తమ్ముడి సంగతి

ఇప్పుడు మళ్ళీ మా రూముకి వస్తాం.

సాయిబన్న చెప్పిన తర్వాత మేము పద్ధతి మార్చాం. వాక్యం చెప్పడం ఆపాం. వంతులు వేసుకున్నాం. ఒకరు పొద్దున లేపి టీ ఇవ్వాలి. ఒకరు సైటుకి కూడా తీసుకెళ్ళాలి. ఒకరు రాత్రి పక్క మంచం మీద పడుకోవాలి. సైటు మీద అతన్ని మూడు వారాలు ఎత్తు పనికి పంపలేదు. కింద యార్డులో ఫారాలకి ఆయిల్ పూసే పని, మేకులు తీసే పని ఇచ్చాం. కారణం ఎవరికీ చెప్పలేదు. మనసు బాగాలేని మనిషిని పరంజా ఎక్కించకూడదు అన్నది మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, సైటే నేర్పింది. సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

అకామా సంగతి మన వేదిక వాళ్ళు చూశారు. అప్పులవాళ్ళతో ఊరి పెద్దల ద్వారా మాట్లాడించి వాయిదాలు చేయించాం.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం పొద్దున అతనే చొక్కా ఇస్త్రీ చేసుకుని "నేనూ వస్తా అన్నా" అన్నాడు. కువైట్ సిటీలో చర్చి కాంపౌండుకి బస్సులో వెళ్ళాం. వెనక వరసలో కూర్చున్నాడు. పాట పాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక మాట అన్నాడు. "యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారంట కదన్నా. నోరు తెరిచాకే చెడిపోయారు." మాకు ఇంకేం జవాబు లేదు. మేము చెప్పాలని తీసిన గ్రంథాన్ని మాకంటే బాగా చదివింది అతనే.

కథ సుఖాంతం అయిందని రాయాలని ఉంది గానీ, అలా కాలేదు. భార్య తిరిగి రాలేదు. ఇల్లు పోయింది. అప్పు ఇంకా ఉంది. గురువారం రాత్రి పాపతో ఫోన్‌లో మాట్లాడతాడు, అప్పుడప్పుడు పాప ఫోన్ తీయదు. అయినా మనిషి నిలబడ్డాడు. పోయిన శీతాకాలం శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడికి తల్లి పోయిందని కబురొస్తే, మేము తెలుసుకుని వెళ్ళేసరికి తమ్ముడు అప్పటికే ఆ రూములో నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చారన్నం పళ్ళెం ఉంది.

మనం చేయగలిగింది

విశ్వాసం ఉంటే కష్టం రాదని మేము చెప్పం. ధాత కరువులో విశ్వాసులూ చనిపోయారు. నేటాల్ తోటల్లో విశ్వాసులూ ఏడ్చారు. కష్టం వచ్చినప్పుడు దేవుడు ఎక్కడున్నాడని అడగడం తప్పు కూడా కాదు, కీర్తనల్లో సగం ఆ అడగడమే. కానీ ఆ ప్రశ్న అడుగుతున్న మనిషి పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాలి. మా చరిత్రలో నిరీక్షణ ప్రతిసారీ అలానే వచ్చింది. కొలత తప్పని కూలిగా, తాటాకు పాకగా, గుంపులో కూర్చున్న మేస్త్రీగా, ఓడెక్కి వచ్చిన కాపరిగా. వాక్యం వాటి వెనకాల వచ్చింది. అందుకే నిలిచింది.

కాబట్టి అన్నదమ్ములారా, మీ మతం ఏదైనా ఇవి చేయండి. రూములో ఎవరైనా రెండు పూటలు తినకపోతే కారణం అడగకముందే పళ్ళెం పెట్టండి. ఒంటరిగా వదలకండి, ముఖ్యంగా రాత్రిపూట. సలహా తర్వాత, వినడం ముందు. చనిపోవాలనే మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి, వెంటనే వేదికలో మీకు తెలిసిన వాళ్ళకి చెప్పండి. మన ఎంబసీ దగ్గర కష్టంలో ఉన్న భారతీయుల కోసం సంక్షేమ నిధి ఉంది, అవసరమైతే దాన్ని అడగడం మన హక్కు. ఊళ్ళో కుటుంబం కుంగిపోతుంటే ఇండియాలో 14416 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

కాలువ గురించి ఆఖరి మాట ఒకటి. ఇప్పుడు ఆ కాలువలో పడవలు తిరగవు. చాలాచోట్ల పూడిపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు ఒడ్డు దాటి వచ్చి ఆ కాలువలో నిండి, పొంగి, మళ్ళీ వెనక్కి పోయాయి. ఆంధ్ర తీరంలో చాలామంది మత్స్యకారుల ప్రాణాలు దాని వల్ల నిలిచాయని తర్వాత పరిశీలించినవాళ్ళు రాశారు. కరువులో సర్వం పోగొట్టుకుని, పూట గింజల కోసం మట్టి మోసిన మనుషులు తవ్విన కాలువ నూట ఇరవై ఏడేళ్ళ తర్వాత ఎవరెవరి పిల్లల్నో కాపాడింది. అది తమ చేతుల్లో జరుగుతోందని వాళ్ళకి తెలియదు. వాళ్ళు ఆ రోజు పని ఆ రోజు చేశారు, పక్కవాడికి గంప ఎత్తారు.

మనమూ అంతే చేద్దాం.